కరోనా పోయినా సాకు పోనివ్వకండి

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అంటే ఒక్కరోజుకే కదా అని షట్టర్ దించి, మళ్లీ ఎప్పుడు ఎత్తాలో తెలియక ఇంట్లో కూర్చున్న ప్రతి వ్యాపారికీ ఈ చిట్కాలు పనికొస్తాయి. నేను బట్టల కొట్టును దృష్టిలో పెట్టుకుని రాశాను. కిరాణా వాళ్లూ, చెప్పుల కొట్ల వాళ్లూ తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

ఆ వేసవి ముహూర్తాలన్నీ పోయాయి. పెళ్లికి 50 మందికి మించకూడదన్నారు. ఆ 50 మందిలో పట్టుచీర కొనేవాళ్లు ఎందరు? నష్టం నిజమే, కాదనను. కానీ నష్టం ఒకసారి వచ్చి పోతుంది. నష్టపోయానని చెప్పుకునే హక్కు మాత్రం ఎన్నేళ్లయినా చెల్లుతుంది. తెలివైనవాడు కొట్టును తర్వాత చూసుకుంటాడు, ముందు ఆ హక్కును కాపాడుకుంటాడు.

1. సాకును కౌంటర్ మీదే ఉంచుకోండి.

ఏ మాటైనా "కరోనా తర్వాత" అని మొదలుపెట్టండి. మిగతాది దానంతటదే వస్తుంది. మొదటి ఉతుకులోనే చీర రంగు పోయిందా? "కరోనా తర్వాత అద్దకాలు మునుపటిలా లేవమ్మా." ఏసీ ఆగిపోయిందా? "కరోనా తర్వాత మెకానిక్కులు దొరకడం లేదు సార్." కొట్టు ముందు దూరం పాటించమని వేసిన తెల్ల గుండ్రాలను చెరపకండి. వాటిలో మీ స్కూటర్ పెట్టుకోండి, ఇంకెవరైనా బండి పెడితే నిబంధనలు గుర్తుచేయండి. జ్వరం చూసే గన్నును కూడా పారేయకండి. బాకీ వసూలుకు వచ్చినవాడి నుదుటికి గురిపెట్టి, "కాస్త వేడిగా ఉన్నట్టుందండీ, రెండు వారాలు ఆగి రండి" అనండి. దాంట్లో బ్యాటరీ ఉండాల్సిన అవసరం లేదు.

2. మారటోరియం అంటే మాఫీ అనుకోండి.

2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు అప్పుల వాయిదాలకు మూడు నెలల మారటోరియం ప్రకటించింది. తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. ఇప్పుడు కట్టలేనివాళ్లు తర్వాత కట్టవచ్చు అంది. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది అని కూడా అంది. ఆ రెండో వాక్యం చదవకండి. చదివినా బ్యాంకు మేనేజరు దగ్గర చదవనట్టే ఉండండి.

తర్వాత 2 కోట్ల లోపు అప్పులకు వడ్డీ మీద వడ్డీని కేంద్రమే భరించింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు, ఆ ఆరు నెలలకు చక్రవడ్డీ ఎవరి దగ్గరా వసూలు చేయకూడదంది, మొత్తం వడ్డీ మాఫీ మాత్రం కుదరదంది. వార్తలో మొదటి సగం కత్తిరించి గల్లాపెట్టె మీద అంటించండి. కట్టగలిగిన స్తోమత ఉన్నా వాయిదా కట్టకండి. ఆ డబ్బుతో టీవీ మార్చండి. అప్పు మరికొన్ని నెలలు సాగుతుంది, సాగనివ్వండి. బ్యాంకుతో అనుబంధం అంత త్వరగా తెంచుకోవడం మర్యాద కాదు.

3. అత్యవసర రుణాన్ని అత్యవసరంగా వెంచర్‌లో పెట్టండి.

ఆత్మనిర్భర్ ప్యాకేజీలో చిన్న పరిశ్రమలకూ వ్యాపారాలకూ 3 లక్షల కోట్ల రుణాలకు ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం దాకా, కొత్తగా తాకట్టు ఏమీ అడగకుండా ఇచ్చారు. సరుకు కొనుక్కోమనీ, జీతాలు ఇచ్చుకోమనీ వాళ్ల ఉద్దేశం. మీరు ఊరి బయట ప్లాటు కొన్నారు. మంచి పని చేశారు. ప్రభుత్వ హామీ బ్యాంకుకే గానీ మీకు కాదని ఎవరో చెబుతారు. వాళ్లకు మీ ప్లాటు చూసి కుళ్లు.

కొట్లో సరుకు లేదంటారా? ఖాళీ అరల ముందు అట్టపెట్టెలు పేర్చండి. దూరం నుంచి నిండుగా కనిపిస్తాయి. దగ్గరికి వచ్చేవాళ్లు ఎలాగూ తగ్గుతారు.

4. అద్దె దగ్గర కన్నీళ్లు పెట్టుకోండి, వసూలు దగ్గర తుడుచుకోండి.

ఓనరు గారింటికి భార్యాపిల్లలతో వెళ్లండి. పాత చొక్కా వేసుకోండి. "కష్టకాలంలో ఒకరికొకరం అండగా లేకపోతే ఎలాగండీ" అనండి. ఆయన సగం అద్దె తగ్గిస్తాడు. ఇంటికి తిరిగొచ్చే దారిలోనే కొట్టు ముందు అరుగును సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడికి పూర్తి అద్దెకు ఇవ్వండి. ఆ కుర్రాడు కూడా ఒకరికొకరం అంటాడు. "వ్యాపారం వేరు, బంధుత్వం వేరు బాబూ" అని నేర్పించండి. చిన్నవయసులో నేర్చుకున్నది గుర్తుంటుంది.

5. నేతగాడి బాకీని పురాతన వస్తువులా దాచుకోండి.

ఇది కాస్త ఓపికగా చదవండి, అసలు లాభం ఇక్కడే ఉంది.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. మంగళగిరి అయినా పోచంపల్లి అయినా, నేసినవాడి ఇంట్లో చీరలు పేరుకుపోయాయి. మీరు షట్టర్ ఎత్తిన వారంలోనే ఆయన మిమ్మల్ని నమ్మి మూట దించి వెళ్లాడు, "అమ్మినాక ఇవ్వండి షావుకారు గారూ" అని. అమ్మారు. ఇప్పుడు ఆయన వస్తాడు. మంచినీళ్లు ఇవ్వండి. దండగ్గా టీ ఇవ్వకండి, కూర్చుంటాడు.

ఒక ఇబ్బంది ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు బాకీ పడితే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లోపే కట్టాలని 2006 నాటి చట్టం ఉంది. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. పైగా 2023-24 నుంచి, గడువు దాటిన అలాంటి బాకీని డబ్బు కట్టిన ఏడాదిలోనే ఆదాయ పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపాలి. భయపడకండి. ఈ హక్కులు అడగాలంటే ఆయనకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఆధార్‌తో ఆన్‌లైన్‌లో, పైసా ఖర్చు లేకుండా అవుతుందని ఆయనకు చెప్పకండి. ఆయన అడిగితే, "దానికి హైదరాబాదు వెళ్లాలి, చాలా ఖర్చు" అనండి. వాళ్లబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నట్టయితే ఆ విషయం మాట్లాడకుండా పిల్లల పెళ్లిళ్ల వైపు మాట మళ్లించండి.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని సామెత. పాతకాలం వాళ్లకు అంతే తెలుసు. "ఇంకా ఏరు దాటలేదు మల్లయ్యా" అంటూ ఉంటే ఓడ కూడా తిరిగి ఇవ్వక్కర్లేదు.

ఆయన సరుకు ఇవ్వడం మానేస్తే, పవర్‌లూమ్ చీర మీద "చేనేత, మన ఊరి చేనేత" అని చీటీ అంటించి అమ్మండి. కొట్టు బయట వోకల్ ఫర్ లోకల్ పోస్టర్ పెద్దదిగా ఉండాలి.

6. గుమాస్తాకు కరోనా జీతం శాశ్వతం చేయండి.

షాపులు మూసినా జీతాలు కోయకుండా ఇవ్వాలని 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మే రెండో సగంలో అది పోయింది. మీరు ఆ ఉత్తర్వు పోయిన సంగతి ఒక్కటే గుర్తుంచుకోండి. గుమాస్తా సగం జీతానికి ఒప్పుకున్నాడు కదా, వ్యాపారం కోలుకున్నాక పూర్తిగా ఇస్తానన్నారు కదా. కోలుకోకుండా జాగ్రత్తపడండి. కనీసం ఆయన ఎదుట కోలుకోకండి. గల్లా లెక్క ఆయన టీకి వెళ్లినప్పుడు చూసుకోండి.

హోటళ్ల వాళ్లకూ మేస్త్రీలకూ ఒక మాట. 2020 మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. అలా వెళ్లిపోయిన కూలీలను తిరిగి రమ్మని మీరే ఫోన్లు చేశారు, టికెట్లు కూడా పంపారు. ఆ టికెట్ డబ్బు మొదటి జీతంలో కోయండి. వాళ్లు మళ్లీ వెళ్లిపోతే "ఈ రోజుల్లో ఎవరికీ విశ్వాసం లేదు" అనండి.

7. ఐకమత్యాన్ని వాట్సాప్‌లో పాటించండి.

వర్తక సంఘం గ్రూపులో రోజూ పొద్దున్నే "మనమంతా ఒక్కటే" అని చేతులు కలిపిన బొమ్మ పెట్టండి. నీలం టిక్కులు కనబడకుండా సెట్టింగ్ మార్చుకోండి, చందా అడిగిన మెసేజ్ చూడలేదని చెప్పడానికి.

ఎప్పుడో ఒకరోజు సంఘం వాళ్లు నిజంగానే ఏదో చేద్దామంటారు. అందరి సరుకూ ఒకే లారీలో సూరత్ నుంచి తెప్పిద్దామంటారు. బజారంతటికీ కలిపి ఇద్దరు డెలివరీ కుర్రాళ్లను పెట్టుకుందామంటారు. దసరాకు అందరూ ఒకే తగ్గింపు ఇద్దామంటారు. కంగారుపడకండి. అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టండి. కొనుగోళ్ల కమిటీకి కన్వీనరుగా ఉండటానికి ఒప్పుకోండి. ఎవరు ఏ రేటుకు కొంటున్నారో రాసుకోండి. ఆ కాగితంతో మరునాడే ఒంటరిగా సూరత్ రైలెక్కి, సంఘం మొత్తం ఆర్డరు మీదే అన్నట్టు మాట్లాడి, మీ ఒక్కరి సరుకుకు రేటు తగ్గించుకోండి. తిరిగొచ్చి, "వాళ్లు దిగి రావడం లేదు, మన వాళ్లలో ఐకమత్యం లేదు" అని నిట్టూర్చండి.

దసరాకు 20 శాతం అని అందరూ సంతకం పెట్టారా? మీరూ పెట్టండి. బోర్డు మీద 21 రాయించండి. ఎదుటి కొట్టువాడు 25 అంటాడు, మీరు 30 అనండి. దీపావళికల్లా బజారంతా అసలుకు అమ్ముతుంది. కొనేవాళ్లు దీవిస్తారు. పుణ్యం ఎప్పుడూ వృథా పోదు.

సంక్షేమ నిధికి డబ్బు అడిగితే ముందు లెక్కలు చూపమనండి. చూపిస్తే ఆడిటర్ సంతకం ఏదనండి. అదీ ఉంటే, ఆ ఆడిటర్ సెక్రటరీ గారి తోడల్లుడట కదా అనండి.

8. పక్క కొట్టు వదిన గారికి సాయం చేయండి.

2021 వేసవిలో, రెండో వేవ్‌లో పక్క కొట్టాయన పోయాడు. ఆయన భార్య గల్లా దగ్గర కూర్చుంది. "నేనున్నాను వదిన గారూ" అని వెళ్లండి. అరువు ఖాతా పుస్తకం సరిచూసి పెడతానని ఇంటికి తెచ్చుకోండి. మంచి ఖాతాదారుల ఫోన్ నంబర్లు రాసుకుని తిరిగి ఇచ్చేయండి. బాకీలు ఎగ్గొట్టేవాళ్ల పేర్లు మాత్రం ఆవిడకే వదిలేయండి, పరాయి ఆస్తి మనకెందుకు? ఆవిడకు సరుకిచ్చే హోల్‌సేల్ ఆయనకు ఫోన్ చేసి, "పాపం ఆడమనిషి, నడపగలదో లేదో, మీ డబ్బు జాగ్రత్త అన్నయ్యా" అనండి. ఇది జాలితో చెప్పాలి. గొంతు కాస్త వణికితే మంచిది.

9. వీధి వ్యాపారుల పథకంలో మీ బావమరిదిని చేర్చండి.

స్వనిధి పథకం 2020 జూన్‌లో వచ్చింది. తోపుడు బండ్ల వాళ్లకు అప్పట్లో మొదట 10 వేలు ఇచ్చేవారు. సక్రమంగా కడితే 20 వేలు, అదీ కడితే 50 వేలు, వడ్డీలో 7 శాతం రాయితీ ఉండేది. బావమరిదిని ఇడ్లీ బండి పక్కన నిలబెట్టి ఫొటో తీయండి. బండి ఆసామికి ఒక ప్లేటు డబ్బులు ఇవ్వండి, ఊరికే వద్దు. మొదటి అప్పు వచ్చాక కట్టకండి. కడితే ఇంకా ఎక్కువ అప్పు ఇస్తారు, అదొక వల.

10. ఆన్‌లైన్‌ను తిట్టండి.

"జనం ఫోన్లలో కొనుక్కుంటున్నారు, బజారు చచ్చిపోయింది" అని రోజుకు నాలుగుసార్లు అనండి. ఈ మాట అంటున్నప్పుడు ఒంటి మీదున్న చొక్కా ఏ యాప్‌లో కొన్నారో ఎవరైనా అడిగితే, అది అల్లుడు పంపాడనండి. అల్లుడు లేకపోతే కాబోయే అల్లుడు.

11. మూసేటప్పుడు పద్ధతిగా మూయండి.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే కొంతకాలానికి మీరు జీతం ఇవ్వాల్సిన గుమాస్తా ఉండడు, బాకీ అడిగే నేతగాడు రాడు, చందా అడిగే సంఘం ఉండదు. కొనేవాళ్ల పోరు కూడా ఉండదు. ఇంతకంటే హాయి ఏముంది? అప్పుడు షట్టర్ దించి, "కరోనా కారణంగా మూసివేయడమైనది" అని రాసి అంటించండి. తేదీ వేయకండి. 2020లో మూశారో నిన్న మూశారో చూసేవాళ్లకు తెలియకూడదు, రేపు ఇంకేదైనా పథకం వస్తే దరఖాస్తుకు ఆ ఫొటోయే సరిపోతుంది. అద్దెకివ్వబడును అనే బోర్డు జోలికి వెళ్లకండి. అది ఓనరు గారు పెట్టుకుంటారు, ఆ ఖర్చు ఆయనది.