నిమిషానికి 60 మాటలు

దేశమంతటా చదువుకు ఒకే ప్రమాణం ఉండాలంటే నేను చెయ్యెత్తుతాను. సర్కారు బడి పంతుల్ని, చెయ్యెత్తడం అలవాటే. అయినా ఢిల్లీ పిల్లలకో లెక్క, హైదరాబాద్ శివారులోని మా నారపల్లి పిల్లలకో లెక్క ఎందుకు? మూడో తరగతి దాటిన పిల్ల ఎక్కడున్నా కథ చదివి అర్థం చేసుకోవాలి. దీన్ని కాదనేవాడు పంతులే కాదు.

అందుకే 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ పథకం తెచ్చినప్పుడు సంబరపడ్డాను. 2026-27 కల్లా మూడో తరగతి పిల్లలంతా నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 దాకా సంఖ్యలు రావాలి అన్నది దాని లక్ష్యం. మరుసటి ఏడాది మన తెలంగాణ తొలిమెట్టు అని చక్కటి పేరుతో కార్యక్రమం పెట్టింది. పేరు వెంట రిజిస్టర్లూ వచ్చాయి.

చిక్కల్లా ఆ నిమిషం దగ్గరే. అది మొదలవ్వాలంటే ముందు నా ముఖం ఫోనుకు చూపించి హాజరు వేయించుకోవాలి. నెట్ లేకుంటే నా ముఖం నాదేనని ఫోను ఒప్పుకోదు. తర్వాత మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల లెక్క, బడుల వివరాల పోర్టల్ యూడైస్‌లో మరుగుదొడ్ల లెక్క. ఈలోగా ఒకటో తరగతి ఒక మూల, మూడో తరగతి ఇంకో మూల, నడుమ నేను. మూడులో ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ల పిల్లాడున్నాడు. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. నిమిషానికి 60 ఏమిటి, మూడు భాషలు కలిపి 100 మాట్లాడతాడు. వాణ్ని రిజిస్టరులో ఏ గడిలో వెయ్యాలని స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో అడిగాను. “ఏదో ఒకటి నింపుండ్రి సార్, అప్‌లోడ్ అయితే చాలు” అన్నారు.

చదువు కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి జాబితాలోకి వచ్చింది 1976లో. మా అనుభవంలో ఉమ్మడి అంటే ఢిల్లీ కొలుస్తుంది, హైదరాబాద్ సర్క్యులర్ వేస్తుంది, నారపల్లి రాసిస్తుంది. 2024 డిసెంబరులో 3, 6, 9 తరగతుల పిల్లల చదువు కొలవడానికి దేశమంతటా పరఖ్ సర్వే పెట్టారు. అంతకుముందు ఓఎంఆర్ షీటు మీద బబుల్స్ నింపడం నేర్పమన్నారు. ఆ ఒక్క విద్యలో మా వాళ్లు ఎవరికీ తీసిపోరు.

అంతెందుకు, మన రాష్ట్రం ప్రమాణమే చూడండి. పదో తరగతిలో ఇంటర్నల్స్ ఎత్తేసి 100 మార్కులకూ పరీక్షే అని 2024 నవంబరు చివర్లో ఉత్తర్వు వచ్చింది. మర్నాడే, ఆ ఏటికి పాత 80-20యే (పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20), 100 మార్కుల పరీక్ష వచ్చే ఏటి నుంచి అన్నారు. వచ్చే ఏడు రానే వచ్చింది, అప్పుడూ 80-20యే!

ఇంతకీ ప్రమాణాలు పిల్లలకేనా? ఉప్పల్ నుంచి మా నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2025లో ఎనిమిదికొచ్చారు. పిల్లర్లు అప్పటికీ ఒకటో తరగతిలోనే ఉన్నాయి. కింద గుంతల్లో ఎగిరెగిరి పడుతూ ఆలస్యంగా వచ్చిన పిల్లాడికి సమయపాలనలో సి గ్రేడు వేసేది మాత్రం నేనే.

పిల్లలకు అపార్ పేరుతో 12 అంకెల గుర్తింపు నంబరు ఇస్తున్నారుగా, ఫ్లైఓవర్‌కూ ఒకటివ్వండి. బేస్‌లైన్ టెస్టు పెట్టండి, వెనకబడిందని తేలితే సాయంత్రం స్పెషల్ క్లాసు నేనే తీసుకుంటాను. మండల విద్యాధికారి గారు ఆన్ డ్యూటీ ఇస్తే చాలు.