త్రిపుర గిటార విజయం

65వ నంబరు జాతీయ రహదారి అనే మహానది ఒడ్డున, పూర్వం భానుపురిగా పేరుగాంచిన సూర్యాపేట కలదు. దానికి తూర్పున ఆంధ్ర సరిహద్దు వాకిట్లో కోదాడ కలదు. దక్షిణాన సాగర్ ఎడమ కాలువ నీళ్ళు తాగి బలిసిన వరిపొలాల నడుమ, మిల్లుల పొగగొట్టాలే గోపురాలుగా మిర్యాలగూడ కలదు. మయుడు కట్టిన త్రిపురాలు ఒక్క వరుసలోకి వచ్చిన క్షణాన శివుడు ఒకే బాణంతో మూడింటినీ కాల్చాడంటారు. మా త్రిపురాలు ఎన్నడూ ఒక్క వరుసలోకి రావు; గీతలు కలిపితే త్రిభుజమే వస్తుంది. ఆ త్రిభుజంలో ఆర్టీసీ బస్సు కిటికీ పక్కన కూర్చుని గిటార్లు వినేవాడొకడున్నాడు. కావ్యకర్త వాడే, నాయకుడు వాడే, శ్రోత కూడా ప్రస్తుతానికి వాడొక్కడే.

కావ్యారంభాన పూర్వకవిస్తుతి చెయ్యాలి. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిని ఇంటిపేరుగా మోసిన పినవీరభద్రుడు సరస్వతినే తన రాణి అన్నాడు. నాకంత సాహసం లేదు. ఆ తల్లి వీణకు కరెంటు పెట్టినవాళ్ళ కచేరీకి నేను టికెట్ లేని ప్రేక్షకుణ్ణి. కుకవినింద మాత్రం వదులుకోను. ఆల్బమ్‌లోంచి ఒక్క పాటే ఏరుకుని, అదీ పల్లవి కాగానే పక్కకు తోసేసి, విన్నామని చెప్పుకునేవారు ఈ కావ్యం గడప తొక్కరాదు.

ఇక ఆయుధాలు. ఇయర్‌ఫోన్ తీగ జేబులో వేసినప్పుడు సాధువు, తీసినప్పుడు వాసుకి. తోక పట్టిన దేవతల పనీ తల పట్టిన రాక్షసుల పనీ నా రెండు చేతులే చెయ్యాలి. బస్టాండులో మొదలైన మథనం ఊరు దాటేదాకా సాగుతుంది. ముందు పుట్టేది హాలాహలమే: ఎడమ చెవిది పలకదు. మెమరీ కార్డు సాక్షాత్తూ వామనుడు, గోరంత బ్రహ్మచారి. ఒక అడుగుతో పింక్ ఫ్లాయిడ్‌నూ, రెండో అడుగుతో రేడియోహెడ్‌నూ ఆక్రమించి, మెటాలికాకు చోటేదని మూడో అడుగెత్తాడు. బంధువుల పెళ్ళి ఫోటోలన్నీ పాతాళానికి పోయాయి.

ప్రథమ సమరం సూర్యాపేట నుంచి కోదాడకు. పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. నడుమ సుమారు 43 నిమిషాలు. అట్ట మీద త్రిభుజాకారపు పట్టకం, దాని గుండా దూరి ఆరు రంగులుగా విడిపోయే తెల్లని వెలుగు. (ఏడోదైన ఇండిగోను గీసినవారు వదిలేశారు.) సూర్యుడి పేరున్న ఊళ్ళో తెల్లగా ఎక్కిన నేను మునగాల దాటేసరికి ఆరు రంగులై ఉంటాను. ఆ తొలి గుండె చప్పుడు మాత్రం బస్సులో ఎప్పుడూ వినపడలేదు. సరిగ్గా అక్కడే డ్రైవరన్న పాంచజన్యం పూరిస్తాడు, ఎదురొచ్చే లారీ దేవదత్తంతో బదులిస్తుంది. మెత్తగా మొదలయ్యే ఆల్బమ్‌లన్నీ ఆ రణరంగంలో ఉత్తరకుమారులే.

గెలిచేది వేరే ఉంది. మెటాలికా వారి 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' 1988లో వచ్చిన నాటి నుంచీ ఫిర్యాదు ఒకటే, జేసన్ న్యూస్టెడ్ వాయించిన బేస్ గిటారు వినపడదని. అతనికి ముందు ఆ చోట ఉన్న క్లిఫ్ బర్టన్ 1986లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి చనిపోయాడు. ఆ దుఃఖమే కొత్తవాడి మీద కసిగా మారి మిక్సింగులో అతణ్ణి తొక్కేసిందని అభిమానుల్లో ఒక వాదం. అహల్యకు రాముడి పాదం, ఈ ఆల్బమ్‌కు ఆర్టీసీ ఇంజను. బానెట్ పక్క సీట్లో కూర్చోండి. రెండో గేరులో వంతెన ఎక్కేటప్పుడు అరికాళ్ళ కింద నుంచి లేచే గర్జన, లేని బేసు స్థానంలో వచ్చి కూర్చుంటుంది. దీన్ని మించిన రీమాస్టర్ నేను వినలేదు. లోకమంతా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'ను సింహాసనం ఎక్కించినా నేను గొడుగు పట్టేది దీనికే.

మిర్యాలగూడ సంగతి వేరు. మై బ్లడీ వాలంటైన్ వారి 'లవ్‌లెస్' కోసం కెవిన్ షీల్డ్స్ రెండేళ్ళకు పైగా స్టూడియో తర్వాత స్టూడియో మార్చాడు. గిటారు మీద గిటారు పేర్చి, ఏది స్వరమో ఏది గాలో తెలియని మహాఘోష సాధించి 1991లో బయటపెట్టాడు. ధాన్యం సీజన్లో రైస్ మిల్లు గోడ వారగా నిలబడితే ఆ ఘోష ఉచితం. ఎలివేటర్ల గుంజుడు, రబ్బరు రోళ్ళ రాపిడి, జల్లెడల ఊగులాట, ఊక ఊదే ఫ్యాన్ల హోరు, అన్నిటి అడుగున ఉన్నాయో లేవో అన్నట్టు హమాలీల మాటలు. ఆ ఊరి భాషలోనే చెప్పాలంటే నిర్వాణా వారి 'నెవర్‌మైండ్' పాలిష్ పట్టిన బియ్యం. తెల్లగా మెరిసింది, లోకమంతా తిన్నది. స్టీవ్ ఆల్బినీ రికార్డు చేసిన 'ఇన్ యుటెరో' (1993) దంపుడు బియ్యం. పంటికింద రాయి తగిలినా నా ఓటు దానికే.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్ళకోసారి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. భేరీలు మోగి, గజ్జెల కాళ్ళు నేలను తన్ని, 'ఓ లింగా' అన్న కేక లేస్తుంది. ఫ్యాక్టరీ యంత్రంలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ తొడుగులతో వాయించిన టోనీ అయోమీ అంటే నాకు వీరభక్తి. 1970లో అతని బ్యాండు బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌తో 'హెవీ' అనే బిరుదు బర్మింగ్‌హామ్‌కు పోయింది. ఇచ్చినవాళ్ళు ఓ రాత్రి గట్టు కింద నిలబడి ఉంటే సగం వాటా ఇటు రాసేవారు. చౌరస్తా బ్యాండు తెలుగు జానపదానికి రెగే నడక నేర్పింది, సంతోషం. మన రాక్ వాళ్ళు గట్టుకు ఇంకా బాకీ.

చివరి సమరం కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సులో. హుజూర్‌నగర్‌లో ఎక్కిన ఓ పెద్దాయన "ఏమింటున్నవ్ బిడ్డా?" అన్నాడు. నేను వింటున్నది 'కిడ్ ఎ'. 1997లో 'ఓకే కంప్యూటర్'తో దిగ్విజయం చేసి, 2000లో గిటార్లను చాలావరకు జమ్మిచెట్టెక్కించి అజ్ఞాతవాసానికి వెళ్ళిన రేడియోహెడ్ పాండవుల పర్వం అది. పలికే కుడి చెవిది ఆయనకిచ్చి, పలకనిది నేను పెట్టుకుని, ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. నేరేడుచర్ల దాకా ఓపిగ్గా విన్నాడు.

"పాట ఎప్పుడు షురూ అయితది?"

"అయిపోవచ్చింది పెద్దయ్యా."

"అట్లనా" అంటూ చెవిది తీసి, తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "మోటరు చప్పుడైతే మంచిగున్నది."