డిగ్నాబాద్ నుండి కాన్సాస్ సిటీ కప్పు: దూరప్రేక్షకులకు కొన్ని హితవులు

చిన్న కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలను సముద్రమున కీవలి యొడ్డున కూర్చుండి అనుసరింపదలచిన వారికి మొట్టమొదట కావలసినది క్రీడాజ్ఞానము కాదు, ఆ కళాశాలలో ఫీజు చెల్లించిన బంధువు. క్రీడాజ్ఞానమును వారము దినములలో సంపాదింపవచ్చును. బంధువును సంపాదించుటకు మాత్రము బ్యాంకు ఋణము, కన్సల్టెన్సీవారి అనుగ్రహము, ఐ-ట్వంటీ పత్రము, వీసా అధికారి ప్రసన్నత మున్నగు సామగ్రి యంతయు సమకూడవలెను. అదృష్టవశమున అండమాన్ దీవులలోని మన డిగ్నాబాద్ వాసులకు ఈ లోపము కలుగదు. 2011 జనగణనమున ఈ దీవులలో తెలుగును మాతృభాషగా వ్రాయించుకొన్నవారు సుమారు 13 శాతము; శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి వలలు భుజమున వేసికొని వచ్చినవారి మనుమలు నేడు ల్యాప్‌టాప్ సంచులు భుజమున వేసికొని అమెరికాకు పోవుచున్నారు; పోయినవారిలో ఎవరో యొకరు మిస్సోరి రాష్ట్రమున తేలకపోరు.

ఆ రాష్ట్రమున మేరీవిల్ అను చిన్న ఊరిలో నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీయు, వారెన్స్‌బర్గ్ అను మరియొక చిన్న ఊరిలో యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరియు కలవు. న్యూయార్కు వాసికి ఈ పేర్లు తెలియకపోవచ్చును గాని, హైదరాబాదున అమీర్‌పేట కూడలిలో నిలువబడి యడిగినచో ఫీజు వివరములతో సహా చెప్పగలవారు వెంటనే దొరకుదురు. ఈ రెండు విద్యాపీఠములును 1912లో నేర్పడిన ఎం.ఐ.ఏ.ఏ. అను ఒకే కాన్ఫరెన్సుకు చెందియుండుట మన బంధువర్గములో కలహము కొరతపడకుండ విధి చేసిన యేర్పాటు. శీతకాలమంతయు ఈ కూటమిలోని జట్లు పరస్పరము ఆడి, గెలుపోటముల పట్టిక నొకదానిని అతిశ్రద్ధతో తయారుచేయును. మార్చి మొదటి దినములలో ఆ పట్టికయందు పైవరుసల నున్న జట్లు కాన్సాస్ సిటీలోని మునిసిపల్ ఆడిటోరియమునకు చేరి, ఓడినవాడు ఆ పూటకే ఇంటికి పోవు పద్ధతిలో మరల మొదటి నుండి ఆడును. ఇచ్చట కప్పు గెలిచిన జట్టు, అంతకుముందు ఎన్ని ఆటలు పోగొట్టుకొన్నను, డివిజన్-టూ జాతీయ పోటీకి పోవు 64 జట్లలో నిస్సంశయముగా చేరును. తక్కినవారి జాతకము ఒక కమిటీ చేతిలో నుండును. మూడు నెలల సంసారమును మూడు నాలుగు దినములు తీర్మానించు ఈ విధానము న్యాయమా యని ప్రశ్నింపవలదు. న్యాయము కొరకు ఆటలు చూచువారు కోర్టుపక్షులగుట మేలు.

పక్షము నెంచుకొనుటలో తొందరపడరాదు. ఈ కూటమి జట్ల నామధేయములు చూచినచో విష్ణుశర్మ మిస్సోరి నదీతీరమున కొంతకాలము నివసించెనేమో యని సందేహము కలుగును: పిట్స్‌బర్గ్ స్టేట్ వారు గొరిల్లాలు, ఎంపోరియా స్టేట్ వారు కందిరీగలు, ఫోర్ట్ హేస్ స్టేట్ వారు పులులు, మిస్సోరి సదరన్ వారు సింహములు. మేరీవిల్ వారు బేర్‌క్యాట్లు. ఎలుగో పిల్లియో తేలని ఆ పేరు మనవారికి ఏ యిబ్బందియు కలిగింపదు. వారెన్స్‌బర్గ్ వారు మాత్రము కంచరగాడిదలు. వారి స్త్రీల జట్టు ఆడుగాడిదలు. నవ్వవలదు. కంచరగాడిద 1995 నుండి మిస్సోరి రాష్ట్రపు అధికారిక జంతువు. ఆ ప్రాంతపు రైతులకు దానియందున్న గౌరవము మనకు ఒంగోలు గిత్తయందున్న దానికి తీసిపోదు. చిక్కెచ్చట వచ్చుననగా, మీ కుమారుడు మేరీవిల్లునను, మీ యల్లుడు వారెన్స్‌బర్గునను చదువుచున్న యెడల, ఆట ముగిసిన యుదయమున వియ్యంకునికి ఫోను చేసి, “బావగారూ, మీ గాడిదలు ఈ యేడు బాగుగా నాడినవండీ” యని హృదయపూర్వకముగా అభినందించినను, ఆ అభినందనము ఆ యింట వేరుగా వినబడును. “మీ మ్యూల్స్” అనుడు. ఇట్టి సందర్భముల కొరకే కదా మనవారు పిల్లలను ఇంగ్లీషు మీడియములో వేసినది.

ఇక కాలనిర్ణయము. కాన్సాస్ సిటీ గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుక నడచును. అచ్చట సాయంకాలము 6 గంటలకు మొదలగు ఆట మనకు మరునాటి యుదయము 5.30 గంటలకు మొదలగును. మార్చి మొదటి వారమున శ్రీ విజయపురమున, అనగా 2024 వరకు పోర్ట్ బ్లెయిరని మనము పిలిచిన యీ యూరిలో, సూర్యోదయము సుమారు ఆ వేళకే. తెలుగునాటికంటె ముందుగా తెల్లవారు దీవులలో నుండుట వలన మనకు గలిగిన లాభము ఇది యొక్కటే: కాకినాడలోని బంధువు చీకటిలో దీపము వేసికొని యింటిల్లిపాదిచేత తిట్లు తినుచు చూడవలసిన యాటను మనము ప్రాతఃకాలపు కాఫీతో గౌరవముగా చూడవచ్చును. మధ్యాహ్నపు టాటలు మనకు అర్ధరాత్రికి దగ్గరగా వచ్చును. అవి కూటమిలోని తక్కిన జట్లవని భావించి నిద్రించుడు. మార్చి రెండవ ఆదివారమున అమెరికనులు తమ గడియారములను ఒక గంట ముందునకు త్రిప్పుకొందురు. అది మరచినవాడు ఆటకు బదులు బహుమతి ప్రదానమును చూచును.

ప్రసారము విషయమున మన తరము ధన్యమైనది. ఉపగ్రహముపై నాధారపడి యుండిన దినములలో ఈ దీవులలో కదలుచిత్రమును చూచుటకు యోగులకుండవలసిన సహనము కావలసియుండెను. బంతి యాటగాని చేతిని విడిచిన పిమ్మట అది వల చేరినదో లేదో తెలియుటకు ముందు ఇంటిలో కూర తరుగుట పూర్తియగుచుండెను. చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు వేసి, 2020 ఆగస్టు 10న ప్రారంభోత్సవము చేసిరి. అదే సంవత్సరము మార్చి 12న కరోనా కారణమున అమెరికా జాతీయ పోటీ రద్దయినది గనుక, ఆట లున్నప్పుడు కేబులు లేదు, కేబులు వచ్చిన యేట ఆట లేదు.

ఇంత దూరమేల, మన యూరి కళాశాలనే అనుసరింపరాదా యని శంకించు దేశభక్తులు కొందరుందురు. వారి శంక గౌరవింపదగినదే. 1967లో స్థాపించిన జవాహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయము మన యూరిలోనే కలదు. 1985లో నేర్పడిన పుదుచ్చేరి విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా దశాబ్దములు నడచిన ఈ కళాశాలకు సహోదరులు పుదుచ్చేరిలో, కారైకాలులో, కేరళ తీరమున మాహేలో, గోదావరి యొడ్డున మన తెలుగు యానాములో నున్నారు. ఇంతటి సువిశాల కుటుంబము మిస్సోరివారికి స్వప్నమందును లేదు. కాని వారి జట్లు బస్సెక్కి పోయి ఆడి రాత్రికి తిరిగి రాగలవు. మన కుర్రవాడు ఓడ యెక్కి, సుమారు 1,200 కిలోమీటర్లు ప్రయాణించి, రెండున్నర మూడు దినములకు చెన్నై రేవులో దిగి, కాళ్లక్రింద నేల యింకను ఊగుచుండగా ఫ్రీ త్రో వేయవలెను. విమానములో రెండు గంటల ప్రయాణమే. అయితే జట్టునంతను విమానమెక్కించుట వ్యయముతో గూడిన దేశభక్తి. ఆ ఆటను చూడవలెనన్న మనమును ఓడ యెక్కవలసినదే. కాన్సాస్ సిటీ జేబులోనున్న ఫోనులో నున్నది. సామీప్యమును కిలోమీటర్లతో కొలుచు కాలము గతించినదని ఈ సత్పురుషులకు వినయముగా విన్నవించుడు.

నలుగురిలో కూర్చున్నప్పుడు ప్రయోగించుటకు కొంత పాండిత్యమును దగ్గర నుంచుకొనుట మంచిది. ఈ క్రీడను 1891 డిసెంబరులో మాసచూసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డున వై.ఎం.సి.ఏ. వ్యాయామోపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ పీచు పండ్ల బుట్టలు రెండు వ్యాయామశాల బాల్కనీకి బిగించి కల్పించెను. అటుపిమ్మట ఆయన కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు పోయి అచ్చట జట్టును తీర్చిదిద్దెను. ఆ విశ్వవిద్యాలయపు శిక్షకులందరిలోను గెలుపులకంటె ఓటములు ఎక్కువ మూటగట్టుకొన్నవాడు ఈ క్రీడాస్రష్ట యొక్కడే. (వ్యాకరణము వ్రాసినవాడు కవిత్వము చెప్పలేకపోవుట మనకు క్రొత్త కాదు.) చిన్న కళాశాలల కొరకు 1937లో కాన్సాస్ సిటీలో మొదలైన జాతీయ పోటీకి చేయూత నిచ్చినవారిలోను ఆయన యున్నాడు, ఆ పోటీ జరిగినది మన మిప్పుడు తెల్లవారి చూచుచున్న ఆ మునిసిపల్ ఆడిటోరియమునందే. పెద్ద కళాశాలల జాతీయ తుదిపోరులు 9 సార్లు జరిగిన కట్టడము అది. మరే కట్టడమునకును అన్ని తుదిపోరులు దక్కలేదు. 1964 తరువాత పెద్దవారు పెద్ద భవనములు వెదకికొనుచు పోయిరి. సౌధము చిన్నవారి పాలబడినది. ఇంత చెప్పిన పిదప, ఈ కాన్సాస్ సిటీ కాన్సాస్ రాష్ట్రములో గాక మిస్సోరిలో నున్నదని తాపీగా చేర్చినచో, మిమ్ము ఇక ఎవరును ప్రశ్నింపరు.

ఆటను చూచునప్పుడు మొదటి ముప్పది యెనిమిది నిమిషములను సాధారణ మానవుని వలె చూడుడు. చివరి రెండు నిమిషములకు వేరు శాస్త్రము కలదు. వెనుకబడిన జట్టు బుద్ధిపూర్వకముగా ఎదుటివానిని పట్టుకొని ఫౌలు చేయును, గడియారము ఆగును, ఎదుటివాడు గీత వద్ద నిలిచి ఫ్రీ త్రో వేయును, వాడు తప్పునేమో యని ఆశ, వాడు తప్పడు, మరల ఫౌలు, నడుమ నడుమ శిక్షకులు విరామము కోరుదురు. ఈ రెండు నిమిషములలో స్నానము ముగించి, దేవునికి దీపము పెట్టి, ఇడ్లీ పాత్ర దించి వచ్చినను ముప్పది క్షణములు మిగిలియుండును. కార్యాలయమున కాలస్యమైనందుకు కారణము చెప్పవలసి వచ్చినచో “రెండు నిమిషములే మిగిలియుండెనండీ” యనవలదు. మీ సూపరింటెండెంటు బాస్కెట్‌బాల్ ఎరిగినవాడైన తప్ప ఆ మాట నమ్మడు.

కెమెరా అప్పుడప్పుడు ప్రేక్షకుల వంక తిరుగును. అప్పుడు నిశితముగా చూడుడు. చిన్న కూటముల ఆటలకు వచ్చు జనములో అధికభాగము ఆటగాండ్ర తల్లులు, తండ్రులు, నాయనమ్మలు, తాము చదివిన దినములను మరువలేని పాత విద్యార్థులు, ఊరిలో దుకాణము మూసి వచ్చిన పెద్దలు. మేరీవిల్ నుండి కాన్సాస్ సిటీ సుమారు 150 కిలోమీటర్లు, వారెన్స్‌బర్గ్ నుండి సుమారు 80. వారందరును కారులో వచ్చిరి, మనము కేబులు మీద వచ్చితిమి, అంతియే భేదము. పెద్ద కళాశాలల పోటీని లోకమంతయు చూచును గనుక దానిని ఎవడైనను చూడవచ్చును. దీనిని చూచుటకు చుట్టరికము కావలెను. పెండ్లికి పిలుపందిన బంధువును పీటలమీది మంత్రములకు అర్థమడుగరు గదా, మిమ్మును ఎవరును “త్రీ పాయింటర్ అనగా నేమి?” అని యడుగరు.

ఈ చుట్టరికమునకు మూలకారకుడైన కుర్రవానిని మాత్రము ఆట సమయమున కదిలింపవలదు. వీసా నియమము ప్రకారము సెమిస్టరు నడచుచుండగా వారమునకు 20 గంటలకు మించకుండ క్యాంపసులో పని చేసికొనవలసినవాడు, అసైన్‌మెంటు గడువు మీదనున్నవాడు, ఆ సాయంకాలము ఏ గ్రంథాలయపు బల్లవెనుకనో, ఏ భోజనశాల కౌంటరు వద్దనో నిలిచియుండును. అల్లుని విషయము మరియు సున్నితము: సెంట్రల్ మిస్సోరిలో చేరిన మనవారు పలువురు కాన్సాస్ సిటీ శివారున లీస్ సమ్మిట్ అను చోట నున్న శాఖలోనే పాఠములు వినుదురు గనుక, ఆయన వారెన్స్‌బర్గులోని క్రీడాశాలను కన్నులార చూచియుండకపోవచ్చును. ఆయన జట్టు గెలుపోటములు ఆయనకు మీ ద్వారా తెలియుట కుటుంబ మర్యాదకు లోపము కాదు.

జయాపజయములను తూచుటకు పూర్వచరిత్ర యవసరము. మేరీవిల్ పురుషుల జట్టు బెన్ మెకాలమ్ శిక్షణలో 2017, 2019, 2021, 2022 సంవత్సరములలో జాతీయ విజేత యైనది; 2019లో 38 ఆటలాడి ఒక్కటియు ఓడలేదు. 2024లో ఆ శిక్షకుని పెద్ద కళాశాలలవారు తన్నుకొనిపోయిరి. ఆ విషయమున మేరీవిల్ వారికి, తీర్చిదిద్దిన పిల్లలు దూరమేగుట నెరిగిన మన తలిదండ్రుల సానుభూతి సహజముగా లభించును. వారెన్స్‌బర్గ్ వారు 1984లో స్త్రీ పురుషుల జాతీయ కిరీటములు రెండును ఒకే యేట గెలిచిరి; 2014లో పురుషులు, 2018లో స్త్రీలు మరల గెలిచిరి. కొడుకు వైపు నాలుగు, అల్లుని వైపు నాలుగు. ఈ సమత్వమును ఏ పక్షమువారు ముందుగా లెక్కించినను మీరు మౌనము వహింపవలెను.

కప్పు చేజారినంత మాత్రమున శోకింప బనిలేదు. అచ్చట ఆదివారము రాత్రి, మనకు సోమవారము ఉదయము, కమిటీవారు 64 జట్ల పట్టికను ప్రకటింతురు. 8 ప్రాంతములు, ప్రాంతమునకు 8 జట్లు. కాన్సాస్ సిటీలో ఓడిన జట్టు శీతకాలపు పుణ్యము వలన ఇచ్చట మరల తలయెత్తవచ్చును, మరియు మేరీవిల్, వారెన్స్‌బర్గ్ రెండును ఒకే ప్రాంతమునకు చెందినవగుట వలన, అర్హత రెండింటికిని లభించినచో, వారము తిరుగకముందే పరస్పరము మరల తలపడవచ్చును. కావున ఆదివారపు విజయమును పురస్కరించుకొని వియ్యంకునింటికి మిఠాయి పంపదలచినచో సోమవారము ఉదయము వరకు ఆగుడు. అంతలో ఆయన మిఠాయియే మీ గుమ్మము ముందునకు వచ్చినచో, ఏ యాట నిమిత్తము పంపెనో కనుగొనిన పిమ్మటనే పొట్లము విప్పుడు.