బిల్లుకూ సబ్బు నురుగు

పెనుగొండలో ఆదివారం ఓ ఇంటి ముందు, ఫిట్‌నెస్ పరీక్షకి వెళ్లాల్సిన పాత లారీకి సేవ. బావ కిందికి దూరాడు, బామ్మర్ది బ్రేకు తొక్కుతున్నాడు. అక్క చెంబుడు సబ్బు నురుగు తెచ్చింది. గాలి పైపుకి పూస్తే, బుడగ లేచిన చోటే లీకు!

15 ఏళ్లు దాటిన భారీ లారీకి ఫిట్‌నెస్ రుసుము 2022 ఏప్రిల్‌లో 12,500 రూపాయలు చేశారు. బ్రేకు పడాలి, లైటు వెలగాలి. న్యాయమే, కాదనం. మరి కమాన్ పట్టీలు విరగ్గొడుతున్న గోతుల రోడ్డుకి ఫిట్‌నెస్ చూసే బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు ఎవరో?

‘‘రోడ్డు మీద ఏం పూసినా లాభం లేదురా’’ అన్నాడు బావ, లారీ కింద నుంచే.

‘‘రోడ్డుకెందుకండీ, దాని బిల్లుకి పూయండి. లీకెక్కడో తేలిపోద్ది’’ అంది అక్క.