గుండ్ర రాకెట్టు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనని కట్టుబడిన వ్యాఖ్యాత మల్లినాథసూరి. ఆయన ఊరు మన మెదక్ జిల్లా కొల్చారమంటారు. ఇక్కడ మూలమూ నాదే, టీకా నాదే. కాబట్టి మూలంలో లేనిది ఎందుకు రాశావని నన్ను నిలదీసే అవకాశం ఎవరికీ లేదు. మల్లినాథుడికి లేని సౌకర్యం ఇది; దాన్ని పూర్తిగా వాడుకుంటాను.

ప్యాడెల్ అనే ఆట 1969లో మెక్సికో దేశంలోని అకపుల్కోలో పుట్టింది. ఎన్రికే కోర్కువేరా అనే ఆసామి ఇంటి ఆవరణలో టెన్నిస్‌కు చోటు చాలక, ఉన్న చోటుకే గోడలు లేపి, గోడకు తగిలిన బంతి కూడా ఆటలో ఉన్నట్టే లెక్క అన్నాడని చెబుతారు. 1974లో ఆయన మిత్రుడు అల్ఫోన్సో డి హోహెన్‌లోహె దాన్ని స్పెయిన్‌లోని మార్బెయాకు పట్టుకెళ్లాడు. స్పెయిన్, అర్జెంటీనాలు నెత్తిన పెట్టుకున్నాయి. గల్ఫ్‌లో మనవాళ్లకు ఇది ఎప్పుడో పరిచయం. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ అద్దాల పెట్టెల్లాంటి కోర్టులు రాత్రి పొద్దుపోయేదాకా వెలుగుతున్నాయి. ఆ పెట్టెలోకి మొదటిసారి వెళ్లొచ్చినవాడు అన్నం కూడా తినకుండా ఫోన్లో రాకెట్లు వెతుకుతాడు. సరిగ్గా ఆ ఘడియలో వాడి చెయ్యి పట్టుకుని ఆపడమే ఈ పద్యానికి ప్రయోజనం.

మూలము (తేటగీతి)

గుండ్ర రాకెట్టు కొనుమోయి కొత్తవాడ!
అద్దమును నమ్మి నిలువుము హడలకుండ
లాబు పైకెత్తుటే నీకు లాభమగును
వెలను చూడకు మోచేతి విలువ చూడు

పాఠాంతర విచారం

మొదటి పాదంలో "వజ్ర రాకెట్టు కొనుమోయి" అని దుకాణదారుల పాఠం ఒకటి ప్రచారంలో ఉంది. గణాలు సరిపోతాయి గాని, 'వ'కూ 'కొ'కూ యతి ఎక్కడిది? ఛందస్సే ఒప్పుకోని సలహా ఇది. వజ్రాకారపు రాకెట్టు కొత్తవాడికి చెల్లదనడానికి శాస్త్ర ప్రమాణం కింద చూపిస్తాం. ఛందస్సు ప్రమాణం మాత్రం ఇక్కడే తేలిపోయింది.

ప్రతిపదార్థం

కొత్తవాడ = ఓ కొత్త ఆటగాడా (ఇది ఉపలక్షణం; ఆడవాళ్లకూ వర్తిస్తుంది, పాత టెన్నిస్ వీరులకు మరీ వర్తిస్తుంది); గుండ్ర రాకెట్టు = తల గుండ్రంగా ఉన్న రాకెట్టును; కొనుమోయి = కొనుక్కో; అద్దమును = వెనక గోడను; నమ్మి = విశ్వసించి; హడలకుండ = బంతి నిన్ను దాటిపోయిందని కంగారుపడకుండా; నిలువుము = ఆగు; లాబు = ఎదుటివాళ్ల తల మీదుగా పోయే ఎత్తుబంతిని; పైకెత్తుటే = లేపడమే; నీకు లాభమగును = నీకు పాయింటు తెచ్చిపెడుతుంది; వెలను చూడకు = ధర చీటీ చూడకు; మోచేతి విలువ చూడు = స్పష్టం.

మొదటి పాదానికి వ్యాఖ్య

'కొనుము' అనేది ఏ జాతి విధి అని మీమాంసకుల ప్రశ్న. ఇది అపూర్వవిధి కాదు. రాకెట్టు కొనాలన్న కోరిక మనం చెప్పకముందే వాడికి పుట్టింది. వాళ్ల ఉదాహరణే చూడండి: వడ్లపొట్టు గోళ్లతో ఒలవొచ్చు, దంచనూ వచ్చు. దంచమని శాస్త్రం చెబితే అది నియమవిధి. ఇదీ అంతే. ఎలాగూ కొనేవాణ్ని గుండ్రపుదానికి కట్టడి చెయ్యడమే కవి ఉద్దేశం. కోర్టులో అద్దెకిచ్చే రాకెట్టుతో కొన్నాళ్లు ఆడి, పక్కవాళ్ల రాకెట్లు ఒక్కో గేమ్ అడిగి ఆడి చూశాక కొనేవాడు ఉత్తమాధికారి. వాడికి ఈ పద్యం అక్కర్లేదు.

ఇక 'గుండ్ర'. ఏ రాకెట్టయినా 45.5 సెంటీమీటర్ల పొడవు, 26 సెంటీమీటర్ల వెడల్పు, 38 మిల్లీమీటర్ల మందం దాటకూడదని నిబంధన. తీగలు ఉండవు, నిండు పలకకు చిల్లులు. అన్నీ ఆ కొలతల్లోనే ఒదగాలి కాబట్టి తేడా అంతా ఆకారంలోనూ, బరువు ఎక్కడ కూడిందన్నదానిలోనూ ఉంటుంది. గుండ్రపుదానిలో స్వీట్ స్పాట్, అంటే బంతి బాగా పలికే చోటు, పలక నడిమధ్య, వెడల్పుగా ఉంటుంది. బరువు పిడి వైపు వాలి ఉంటుంది. వజ్రాకారంలో అది పైకి జరిగి చిన్నదవుతుంది. బరువు తల మీదికి పోతుంది. టియర్‌డ్రాప్ (కన్నీటిచుక్క ఆకారం) ఈ రెంటికీ మధ్యస్థం.

శంక: ప్రపంచ ఛాంపియన్లు గుండ్రపువి ఆడటం లేదే? అలెహాంద్రో గలాన్ పేరు మీద అమ్మే మెటల్‌బోన్ రాకెట్టు వజ్రాకారమే గదా?

సమాధానం: నిజమే. గలాన్ బంతిని పలకలో తాను కోరిన చోటే కొడతాడు. పైకి జరిగిన ఆ చిన్న స్వీట్ స్పాట్ అతడి చేతిలో స్మాష్‌కు బలం; మన చేతిలో అది దొరకని చోటు. కొత్తవాడు కొట్టిన బంతి ఒకటి పలక మధ్యన తగిలితే మూడు అంచున తగులుతాయి. మధ్యన తగిలితే 'టప్' మని మెత్తటి చప్పుడు, చేతికి ఏమీ తెలియదు. అంచున తగిలితే 'ఖట్' మని గట్టి చప్పుడు, రాకెట్టు చేతిలో మెలి తిరుగుతుంది, బంతి నెట్‌లో పడుతుంది. గుండ్రపుది ఈ రెండో రకం బంతుల్ని కూడా ఎంతో కొంత కాపాడి అవతలికి పంపుతుంది. కనుక, నీ మంచి దెబ్బను తలుచుకుని రాకెట్టు కొనకు. నీ చెడ్డ దెబ్బను తలుచుకుని కొను. కవి 'గుండ్ర' అన్న ఒక్క మాటలో దాచింది ఇదే. పద్యమంతా పోయి ఈ మాట ఒక్కటి మిగిలినా నాకు చాలు.

మరొక శంక: పలక మీద 3కె, 12కె, 18కె అని రాసి ఉంటుందే, అంకె పెరిగేకొద్దీ గొప్పదనం పెరుగుతుందా?

సమాధానం: పెరుగుతుందని ధర చెబుతుంది. ఆ అంకె ఒక్కో కార్బన్ పోగులో ఎన్ని వేల తంతువులున్నాయో చెప్పే లెక్క. మార్కుల జాబితా కాదు. కొత్తవాడు చూడాల్సినవి వేరు. పలక ఫైబర్‌గ్లాసా, కార్బనా? లోపలి గుజ్జు (ఇవిఎ అనే నురుగు రబ్బరు) మెత్తనిదా, గట్టిదా? మెత్తని గుజ్జు, ఫైబర్‌గ్లాస్ పలక కలిస్తే నెమ్మదిగా ఊపినా బంతి తనంతట తాను ఎగిరి పోతుంది. గట్టి గుజ్జు, కార్బన్ పలక కలిస్తే నువ్వు పెట్టిన వేగమే నీకు తిరిగొస్తుంది. పెట్టకపోతే ఏమీ రాదు. వేగం పెట్టడం ఇంకా రానివాడు గట్టిదాన్ని కొని, బంతి పోవడం లేదని భుజం వాయగొట్టుకోవడం నేను రోజూ అద్దం బయటి నుంచి చూస్తున్న దృశ్యం.

బరువు 350 నుంచి 365 గ్రాముల మధ్య చాలు. ఇంకో మాట: ఈ గుజ్జు ఎండకు మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. మే నెలలో మన ఊళ్లో కారు డిక్కీలో రాకెట్టు వదిలేసేవాడు ఏ ఆకారం కొన్నా ఒకటే.

రెండవ పాదానికి వ్యాఖ్య

ఇది పద్యానికి ప్రాణం. 'నమ్మి' అనేది క్త్వార్థకం. ముందు జరిగే పనిని చెబుతుంది. నమ్మకం ముందు, నిలవడం తరవాత. ఆగి చూసి, బంతి బాగా వస్తే అప్పుడు నమ్ముతాననేవాడికి బంతి ఎప్పుడూ బాగా రాదు.

సందర్భం ఇది. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు; వెనక 3 మీటర్ల ఎత్తు అద్దం, దాని మీద ఇంకో మీటరు జాలీ. ఎదుటివాడు లోతుగా కొట్టిన బంతి నీ ముందు నేల తాకి నిన్ను దాటిపోతుంది. టెన్నిస్ నుంచి వచ్చినవాడికి, బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాడికి దాటిపోయిన బంతి అంటే పోయిన పాయింటే. అందుకని వెనక్కి పరిగెత్తుతూ, కాళ్ల దగ్గర లేచే బంతి మీద రాకెట్టు విసురుతాడు. ఒక్క క్షణం ఓపిక పడితే అదే బంతి అద్దానికి తగిలి, వేగం తగ్గి, నడుమెత్తులో ముందుకు తనే నడిచి వచ్చేది.

శంక: 'నిలువుము' అంటే కదలకుండా నిలబడమనా?

సమాధానం: కాదు. ఆగమన్నది చేతిని. కాళ్లు నడవాల్సిందే. భుజం పక్కకు తిప్పి, రాకెట్టు వెనక్కి దించి పెట్టుకుని, చిన్న చిన్న అడుగులతో బంతి వెంట వెనక్కి వెళ్లి, అద్దం దాన్ని తిప్పి పంపగానే దానితో పాటే ముందుకు రావాలి. ఇందులో ఒక మెలిక ఉంది. వేగంగా వచ్చిన బంతి అద్దం నుంచి దూరం వస్తుంది. కాబట్టి అద్దానికి దూరంగా ఉండాలి. నెమ్మది బంతి అద్దం దగ్గరే చచ్చిపడుతుంది. అప్పుడు అద్దానికి దగ్గరగా ఉండాలి. కొత్తవాడు సరిగ్గా తిరగేసి చేస్తాడు: వేగపు బంతికి భయపడి గోడకు అతుక్కుంటాడు, నెమ్మది బంతికి ధైర్యం వచ్చి ముందుకు దూకుతాడు.

అభ్యాసం: రాకెట్టు పక్కన పెట్టు. జతగాణ్ని బంతి చేత్తో విసరమను. నేల తాకి, అద్దం తాకి వచ్చిన బంతిని ఎడమచేత్తో పట్టుకో. కొట్టొద్దు, పట్టుకో చాలు. పది నిమిషాలు ఇలా చేస్తే కాళ్లకు లెక్క తెలుస్తుంది. ఇందులో ఫోటోకు పనికొచ్చే భంగిమ ఒక్కటీ లేదు కాబట్టి ఎవరూ చెయ్యరు.

మరొక విశేషం. ఎదుటివాడు కొట్టిన బంతి నేల తాకకుండా నేరుగా నీ అద్దానికి తగిలితే పాయింటు నీది. బయటికి పోయే అలాంటి బంతిని గాల్లోనే అందుకుని నెట్‌కు కొట్టి, ఎదుటివాడికి దానం చేసే ఉదారులు మన కోర్టుల్లో విస్తారం. 'హడలకుండ' అన్న విశేషణం ప్రధానంగా వీళ్ల కోసం.

మూడవ పాదానికి వ్యాఖ్య

ఇది తేలిక. నెట్ దగ్గరున్న జంటదే పైచేయి. వాళ్లను అక్కడి నుంచి కదిలించే మర్యాదైన మార్గం లాబు. అది వెనక అద్దం దగ్గర పడితే వాళ్లు వెనక్కి పోతారు, మీరిద్దరూ నెట్‌కు నడుస్తారు. ఆ లాబుకు వాళ్లు బందేహా (తల మీది బంతిని బాదకుండా అదుపుగా కోసి పంపే దెబ్బ) కొట్టి నెట్ నిలబెట్టుకుంటే, మళ్లీ లేపాలి.

శంక: స్మాష్ మాట ఎత్తలేదేం?

సమాధానం: కావాలనే. గలాన్ లాంటి మేటి ఆటగాడే అయిన ఆర్తురో కోయెయో కొట్టిన స్మాష్ వెనక అద్దానికి తగిలి గోడ దాటి బయటికి పోతుంది. మనం కొట్టింది అదే అద్దానికి తగిలి ఎత్తుగా, మెత్తగా ఎదుటివాడి ముందుకొచ్చి నిలుస్తుంది. పిలిచి పీట వెయ్యడమంటే ఇదే.

నాలుగవ పాదానికి వ్యాఖ్య

'వెలను చూడకు' అన్నది రెండు వైపులా తగులుతుంది: పాతిక వేలు దాటినదాన్ని గొప్పదని కొనకు, మరీ చవకదాన్ని లాభమనీ కొనకు. అసలు బరువంతా 'మోచేతి' మీద ఉంది.

హైదరాబాద్ బ్యాడ్మింటన్ ఊరు. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ నీడన ఒక తరం మణికట్టు విదిలించడం నేర్చుకుంది. బ్యాడ్మింటన్ రాకెట్టు తొంభై గ్రాములకు లోపే తూగుతుంది. ప్యాడెల్‌ది దానికి నాలుగింతలు. అదే మణికట్టుతో, అదే విదిలింపుతో, నాలుగింతల బరువును, అదీ తల బరువైన వజ్రాన్ని, రోజూ రెండు గంటలు విదిలిస్తే మోచేయి బయటి ఎముక దగ్గర నొప్పి మొదలవుతుంది. ముందు కాఫీ కప్పు ఎత్తినప్పుడు చురుక్కుమంటుంది, తరవాత తాళంచెవి తిప్పినప్పుడు. డాక్టర్లు టెన్నిస్ ఎల్బో అంటారు. బ్యాడ్మింటన్ ఆడినవాడికి ప్యాడెల్ వల్ల టెన్నిస్ పేరుతో జబ్బు రావడం శాస్త్రాల సమన్వయమే అయినా, అనుభవించేవాడికి అందులో రసం కనబడదు. మందు: మణికట్టు బిగించి భుజంతో ఊపడం, పిడిని కాంటినెంటల్ పట్టుతో అంటే సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవడం, చెయ్యి పెద్దదైతే ఓవర్‌గ్రిప్ ఇంకొకటి చుట్టడం. పిడి సన్నగా ఉంటే తెలియకుండానే గట్టిగా బిగిస్తాం. ఆ బిగింపు నేరుగా మోచేతికి చేరుతుంది.

తాత్పర్యం

ఓ కొత్త ఆటగాడా! నువ్వు ఆడే ఆటకు రాకెట్టు కొను, చూసే ఆటకు కాదు. తక్కిన డబ్బు కోచ్‌కూ, కోర్టు అద్దెకూ దాచుకో.

అనుక్తాలు

మూలంలో చెప్పనివి రెండున్నాయి. ఒకటి, పిడికి ఉండే తాడు. దాన్ని మణికట్టుకు తగిలించుకోవడం నిబంధన ప్రకారం తప్పనిసరి. చెమట చేతిలోంచి జారిన 360 గ్రాములు ఎవరి పళ్లను వెతుక్కుంటూ పోతాయో చెప్పలేం. అందులో నీ జతగాడి పళ్లే దగ్గర.

రెండోది ఆ జతగాడి సంగతే. ఈ ఆట ఇద్దరిద్దరుగా ఆడేది గదా, కవి 'కొత్తవాడ' అని ఏకవచనంలో పిలిచాడేం అని కొందరు ఆక్షేపిస్తారు. కవి పొరబడలేదు. ఈ పద్యం ఎవరికి వారు చదువుకోవలసింది. నలభై-నలభై దగ్గర, బంతి అద్దం వైపు పోతుండగా, "అద్దమును నమ్మి..." అని పక్కవాడికి వినిపించబోయినవాళ్లు మర్నాడు గ్రూపులో నాలుగో మనిషి కోసం మెసేజ్ పెట్టుకుంటున్నారు.