అదనం మీకు, ఆదా మాకు!

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. మన వర్సిటీల్లో ఆయనే హాస్టల్ వార్డెన్, ఆయనే పరీక్షల విభాగం. న్యాక్ బృందం వస్తోందంటే గోడలకు సున్నం వేయించేదీ ఆయనే! ఖాళీలు భర్తీ చేయండి మహాప్రభో అంటే, ‘పూర్తి అదనపు బాధ్యతలు’ అంటూ ఇంకో ఉత్తర్వు చేతిలో పెడతారు. ఆఫీసులో గుమస్తా రిటైరైతే ఆ ఫైళ్లు పక్క సీటుకు. జీతం మాత్రం సీటు దిగదు.

ఇక గెస్టు లెక్చరర్లు. పీరియడ్‌కు రూ.1,500, నెలకు రూ.50 వేలు మించకుండా ఇవ్వమని 2019లో యూజీసీ చెప్పింది. అందులో ‘మించకుండా’ అన్న ముక్కను మాత్రం మనవాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. వేసవిలో పీరియడ్లుండవు, డబ్బులూ ఉండవు. ఇంటి ఓనరుకు కూడా వేసవి సెలవులిచ్చే జీవో ఏదైనా ఉందేమో, రిజిస్ట్రారు గారే (ఆయనా ఇన్‌ఛార్జే లెండి) చెప్పాలి!