హకీంపేట యుద్ధం

మైలవరం నుంచి నూజివీడు వైపు ఏ ఊళ్ళో దిగినా సార్జెంటుగారి తోటను ఆనవాలు పట్టడం తేలిక. గేటు నుంచి పాక దాకా దారికి అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్ళుంటాయి, దారం పట్టి పేర్చినట్టు. పాక గోడకి మామిడికాయలు కోసే చిక్కాలు తగిలించిన చోట ఒక్కోదాని వెనక బొగ్గుతో దాని ఆకారమే గీసి ఉంటుంది. సాయంత్రం కోత అయ్యాక ఏ ఆకారం బోడిగా మిగిలిందో చూస్తే చాలు, ఏ చిక్కం చెట్టు మీద మర్చిపోయారో తెలిసిపోతుంది. అది దొరికేదాకా కూలీలకి డబ్బులు లేవు. మొన్నటి ఎండాకాలం రాత్రి ఎనిమిదింటికి పదకొండు మంది సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని పెద్దరసాల చెట్లన్నీ గాలించారు. చివరికి చిక్కం పక్కతోట వాడి ట్రాక్టర్లో దొరికింది.

"ఒక్క స్పానరు తక్కువైతే హేంగర్ తలుపులు మూసేసేవాళ్ళు తెలుసా?" అన్నాడాయన, గడియారం చూసుకుంటూ. "ఇంజన్లో పడిందేమోనని ఒక్క విమానం కూడా కదలనిచ్చేవాళ్ళు కాదు."

"ఇక్కడ ఇంజన్ ఏముంది బాబాయ్, చెట్లే కదా!" అని మేస్త్రీ గొణిగాడు. ఆ గొణుగుడుకి మర్నాడు అతనికి గేటు దగ్గర రాళ్ళకి సున్నం కొట్టే పని పడింది.

ఊరంతా ఆయన్ని 'మిలట్రీ బాబాయి' అంటుంది. ఆ మాట వింటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. "మిలట్రీ అంటే ఆర్మీరా! మాది ఎయిర్‌ఫోర్సు" అని యాభై ఏళ్ళుగా చెబుతున్నాడు. "అలాగే మిలట్రీ బాబాయ్" అంటారు వాళ్ళు. పంచె కట్టినా కింద నల్లబూట్లు ఉండాల్సిందే. ఆ బూట్లలో మొహం చూసుకుని క్రాఫు సరిచేసుకోవచ్చు. పెళ్ళి ముహూర్తం రాత్రి ఎనిమిది నలభై అని శుభలేఖలో వేస్తే 'ఇరవై నలభై' అని పెన్నుతో దిద్దుకుంటాడు. కుక్క పేరు కార్పొరల్. ఆ పేరెందుకు పెట్టాడో ఎవరడిగినా చెప్పడు గానీ, దాన్ని "కార్పొరల్, కూర్చో!" అని గదమాయించేటప్పుడు ఆయన మొహంలో కనిపించే తృప్తి చూస్తే సగం కథ అర్థమైపోతుంది.

ఇలాంటి మనిషి మా ప్రాంతంలో తరానికి ఒకడు చొప్పున ఉంటాడు. మైలవరం రాజావారి నాటక కంపెనీ ఒకప్పుడు ఆంధ్రదేశంలో పేరు మోసిందాయె, ఆ గాలి ఎంతో కొంత అందరికీ తగిలి ఉంటుంది. సార్జెంటుగారు ఇప్పుడు కూర్చుని కబుర్లు చెప్పే అరుగు మీద ఆయనకి ముందు రెండో యుద్ధం తాతయ్య కూర్చునేవాడట. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు కోస్తా జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకి పరుగులు పెట్టారు. ఈ తాతయ్య అందరికీ ఎదురెళ్ళి ఎయిర్‌ఫోర్సులో చేరానని చెప్పేవాడు. ఆయన చేరింది బేగంపేటలో. అక్కడ ఆ రోజుల్లో ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు ఉండేది. రెక్కలకి గుడ్డ చుట్టిన టైగర్ మాత్ విమానాల మీద కుర్రాళ్ళకి ఓనమాలు దిద్దించేవాళ్ళు. తాతయ్య ఉద్యోగం స్టోర్సులో దుప్పట్లు లెక్కపెట్టడం. అరుగు మీదకి వచ్చేసరికి ఆ దుప్పట్లన్నీ బాంబులైపోయేవి. అలా ఎందుకని ఆ రోజుల్లోనూ ఎవరూ నిలదీయలేదు. యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి దుప్పట్ల కథ చెబితే వినడానికి ఎవరు కూర్చుంటారు?

సార్జెంటుగారి యుద్ధం 1971ది. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్, శ్రీనగర్ లాంటి చోట్ల మన విమాన స్థావరాల మీద విరుచుకుపడ్డాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ మధ్య రోజులన్నీ సార్జెంటుగారు హకీంపేటలో ఉన్నాడు. అప్పటికి సార్జెంటు కాదు, మీసం కూడా సరిగ్గా రాని ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్. హకీంపేట ఎక్కడో సరిహద్దులో లేదు. సికింద్రాబాదు పక్కన. సెలవు చీటీ దొరికితే బస్సెక్కి సినిమా చూసి, బిరియానీ తిని రావచ్చు. యుద్ధానికి అంత దూరంలో, బిరియానీకి ఇంత దగ్గరలో వీరుడు ఎవడైనా ఉన్నాడంటే అది ఆయనే.

ఈ సంగతి అరుగుకి పట్టదు. అక్కడ ఆయన యుద్ధం ఏటేటా పెరుగుతూ వచ్చింది. మొదట్లో చెప్పింది నిజమే. ఒక రాత్రి సైరన్ మోగింది, అందరూ ట్రెంచిలో దూకారు, అరగంటకి అది ప్రాక్టీసని తేలింది. కొన్నాళ్ళకి ఆ ప్రాక్టీసు అన్న ముక్క రాలిపోయింది. ఆ తరవాత పైన ఒక విమానం చప్పుడు వినిపించడం మొదలైంది. 2017లో ఘాజీ సినిమా వచ్చి, ఆ డిసెంబరు 3 రాత్రి తెల్లవారేలోగా విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిన సంగతి ఊళ్ళో కుర్రాళ్ళందరికీ తెలిశాక, సార్జెంటుగారికి కొత్త హుషారొచ్చింది. "వాళ్ళు నీళ్ళల్లో వచ్చారని సినిమా తీశారు. ఆకాశంలోంచి మా మీదకి వచ్చారని ఎవడూ తీయడే!" అన్నాడు. ఈమధ్య విన్నప్పుడు శత్రు పైలట్‌కి గడ్డం కూడా వచ్చింది.

సోషల్ మాస్టారొకాయన ఉన్నాడు, రిటైరై అదే అరుగు మీద తేలాడు. ఆయనకి అబద్ధం కంటే తప్పు దూరాలు చెబితే ఎక్కువ బాధ.

"సార్జెంటుగారూ, ఢాకాలో వాళ్ళకున్నది ఒకే ఒక్క స్క్వాడ్రన్ సేబర్ జెట్లు. మనవాళ్ళు తేజ్‌గావ్ రన్‌వే మీద గుంటలు పెట్టేసరికి నాలుగు రోజులు తిరక్కుండానే అవి నేలకి అంటుకుపోయాయి. పడమటి పాకిస్తాన్ నుంచి వచ్చాయందామా, హైదరాబాదు దాకా వచ్చి తిరిగి వెళ్ళడానికి వాటికి పెట్రోలేదీ?"

"మాస్టారూ, మీరు మ్యాపులో చూశారు. నేను ట్రెంచిలో ఉన్నాను."

"ట్రెంచిలోంచి ఆకాశం కనిపిస్తుందా?"

"అందుకే కదండీ, గడ్డం ఒక్కటే కనిపించింది!"

దీనికి మాస్టారి దగ్గర జవాబు లేదు. లేకపోవడమే మంచిది, ఎందుకంటే అరుగు ఖాళీ అయితే ఆయనకీ పొద్దుపోదు.

నిజానికి హకీంపేటలో ఆయన రోజు ఎలా గడిచేదో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. నాకు తెలిసింది ముక్కలు ముక్కలుగా తెలిసింది, కొంత ఆయన భార్య ద్వారా. తెల్లవారకముందే లేవడం. మంచం మీద దుప్పటి అంచు, మగ్గు, బ్రష్షు, సాక్సుల జత, అన్నీ ఎక్కడ పెట్టమంటే అక్కడ, ఎటు తిప్పమంటే అటు. కార్పొరల్ వచ్చి సాక్సుల జత అరంగుళం పక్కకుందని మొత్తం సామాను కింద పారేస్తే మళ్ళీ మొదటి నుంచి సర్దడం. ఆ తరవాత చలిలో హేంగర్లోంచి విమానాల్ని తోసుకురావడం. రన్‌వే మీద రాళ్ళేరడం. పొద్దున్నే గాలి స్థిమితంగా ఉన్నప్పుడు ఎగరాలి కాబట్టి టిఫిను సంగతి ఆ తరవాత. యుద్ధం వచ్చిందని రోజులో ఏం మారలేదు. కిటికీ అద్దాలకి నల్లకాగితం అంటించారు, రాత్రి కాపలా రెట్టింపైంది, సెలవులు పోయాయి, పప్పు ఇంకాస్త పలచబడింది. అంతే.

ఆ విమానాలు వాంపైర్లు. రెండు తోకలు, మధ్యలో పొట్ట. మన వైమానిక దళానికి మొట్టమొదటి జెట్ అదే, 1948లో వచ్చింది. 1965 సెప్టెంబరు 1న ఛాంబ్ దగ్గర ఒకే రోజు నాలుగు వాంపైర్లు పోయాక వాటిని ముందు వరస నుంచి తప్పించారు. పాపం వయసు మళ్ళాక పిల్లలకి చదువు చెప్పే పని మిగిలింది. దాని పొట్ట చెక్కతో చేసింది. పలచటి ప్లైవుడ్డు పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి అతికించిన గూడు, దాని వెనక జెట్ ఇంజను. మైలవరం కుర్రాడికి ఇది చూస్తే ఏం గుర్తొస్తుంది? పక్కనున్న కొండపల్లిలో పొణికి చెక్కతో చెక్కే ఏనుగంబారీ బొమ్మ. "దేశం ఇచ్చిన జెట్ విమానం అనుకుని దగ్గరికెళ్ళి వేలితో కొట్టి చూశా, టకటకమంది" అని ఆయన ఒకసారి నోరు జారాడు. వెంటనే సర్దుకుని "చాలా డేంజరస్ ఎయిర్‌క్రాఫ్ట్" అన్నాడు.

ఆ విమానాలకి సంబంధించి ఆయన దాచుకున్న కథ ఇంకొకటుంది. విమానం ఎగిరే ముందు దాన్ని చూసిన ప్రతివాడూ ఫారం 700 అనే పుస్తకంలో సంతకం పెట్టాలి. ఎయిర్‌ఫ్రేమ్ చూసినవాడు ఒకచోట, ఇంజను చూసినవాడు ఒకచోట. చివర్లో పైలట్ ఆ సంతకాలు చూసుకుని తనూ ఒకటి పెట్టి ఎక్కుతాడు. ఆ డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఈయన సంతకం పెట్టేసి వచ్చి టీ మగ్గు అందుకున్నాడు. అప్పుడు సందేహం పట్టుకుంది, ఇంధనం మూత బిగించానా లేదా అని. మగ్గు అక్కడే పారేసి, కదులుతున్న విమానానికి అడ్డంగా చేతులూపుకుంటూ పరిగెత్తాడు. ఆపారు. చూశారు. మూత బిగించే ఉంది. కదిలే విమానానికి అడ్డంపడ్డందుకు వారం రోజులు అదనపు కాపలా వేశారు. ఈ కథలో బాంబు లేదు, గడ్డం లేదు. ఆయన దీన్ని అరుగు మీద ఎన్నడూ చెప్పలేదు. క్యాంటీన్ రమ్ము మూడో గ్లాసు దాటాక ఒక్కసారి చెప్పాడు, అదీ ఓడిపోయినవాడిలా. నాకైతే ఆ కాక్‌పిట్లో కూర్చున్న ఇరవయ్యేళ్ళ కుర్రాడు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. ఆ గడ్డం పైలట్ కథకి ఎప్పుడూ జలదరించలేదు.

ఆ పుస్తకం మాత్రం ఆయన్ని వదల్లేదు. పదిహేనేళ్ళ సర్వీసు, ఆ తరవాత ఎక్స్‌సర్వీస్‌మన్ కోటాలో బ్యాంకు ఉద్యోగం, అన్నీ అయ్యాయి గానీ ఇంట్లో మేకుకి ఒక నోటుబుక్కు వేలాడుతూనే ఉంది. స్కూటర్ ఎవరు తీసినా అందులో పెట్రోలు, గాలి, బ్రేకు చూశానని సంతకం పెట్టాలి. కొత్తల్లుడు మొదటి పండక్కి వచ్చి సిగరెట్ల కోసం స్కూటర్ తీయబోతే మామగారు పెన్ను చేతికిచ్చాడు. అల్లుడు అది కట్నం కాగితమేమో అనుకుని రెండుసార్లు చదివి సంతకం పెట్టాడట.

హకీంపేట శిక్షణ కేంద్రమే కదా అని ఎవరైనా చిన్నచూపు చూస్తే మాత్రం ఆయన ఊరుకోడు. అప్పుడు అబద్ధం అవసరం లేదు, నిజమే సరిపోతుంది. జామ్‌నగర్‌లో హంటర్ విమానాల మీద శిక్షణ ఇచ్చే యూనిట్ నుంచే కొన్నిటిని జైసల్మేరు పంపారు. లొంగేవాలా దగ్గర ఇసుకలో ఇరుక్కున్న పాకిస్తాన్ ట్యాంకుల్ని డిసెంబరు 5 పొద్దుటి నుంచి ఒక్కొక్కటే ఏరి కొట్టింది అవే. "బడిపంతుళ్ళు చేశార్రా ఆ పని, బడిపంతుళ్ళు!" అంటాడు మాస్టారి వైపు చూస్తూ. ఆ ఒక్క పూటా మాస్టారు కూడా మీసం మెలేస్తాడు.

2025 మే నెల ఆయనకి స్వర్ణయుగం. మామిడి కోత ఊపులో ఉంది, బంగినపల్లి లారీలు నున్న మార్కెట్‌కి పోతున్నాయి, ఈదురుగాలి వస్తే ఎలాగని ఊరు ఊరంతా ఆకాశం వైపు చూస్తోంది. సరిగ్గా అప్పుడు పాకిస్తాన్‌తో యుద్ధమని టీవీలు కూడా ఆకాశం చూపించడం మొదలుపెట్టాయి. మే 7న విశాఖపట్నంలో, హైదరాబాదులో సైరన్లు మోగించి మాక్ డ్రిల్లు చేశారు. మా మైలవరం లిస్టులో లేదు. సార్జెంటుగారికి అది అవమానంగా తోచింది. పక్కన ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద థర్మల్ స్టేషను పెట్టుకుని మనకి డ్రిల్లు లేకపోవడమేమిటని మధ్యాహ్నమంతా మండిపడి, రాత్రి ఇరవై వందల గంటలకి ఇంట్లో తనే డ్రిల్లు పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే డ్రిల్లెలా అవుతుంది? నోట్లో విజిలు పెట్టుకుని ఊది, మెయిన్ స్విచ్ కట్టేశాడు.

ఆ క్షణానికి వసారాలో మామిడి వ్యాపారి గుత్త తాలూకు డబ్బు లెక్కపెడుతున్నాడు. చీకటి పడేసరికి నోట్లకట్టల మీద బోర్లా పడుకుని "దొంగలు! దొంగలు!" అని కేకలేశాడు. కార్పొరల్ వచ్చి వ్యాపారి పంచె పట్టుకుంది. లోపల సీరియల్ చూస్తున్న భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏవండీ, స్విచ్ వేస్తారా, నన్ను వెయ్యమంటారా?"

"ఆల్ క్లియర్ ఇచ్చేదాకా వెయ్యకూడదే!"

"ఆవిడ కోడలికి విషమిస్తోంది అక్కడ. నేను చూడాలి."

లైటు వెలిగింది. లెక్క మళ్ళీ మొదటి నుంచి. వ్యాపారి మటుకు ఆ రోజు నుంచి పగటిపూటే వస్తున్నాడు.

యుద్ధం నాలుగు రోజుల్లో ఆగింది. పదో తేదీ శనివారం సాయంత్రం కాల్పుల విరమణ అన్నారు. సార్జెంటుగారు కొంచెం డీలా పడ్డాడు. మర్నాడు ఆదివారం అరుగు మీద ఉండగా ఫోను మోగింది. మా ఊరి కుర్రాడు. ఆయనే రెండేళ్ళు కాలేజీ గ్రౌండులో పరిగెత్తించి, బూట్లకి పాలిష్ పెట్టించి, అగ్నివీర్ వాయులో చేర్పించాడు. "నాలుగేళ్ళేనా! మా టైంలో నాలుగేళ్ళకి హిందీలో తిట్లు కూడా సరిగ్గా వచ్చేవి కావు" అని సణుగుతూనే. కుర్రాడు అప్పటికి బెలగావిలో ట్రైనింగులో ఉన్నాడు. ఫోను స్పీకర్లో పెట్టాడు, అరుగంతా చెవులు రిక్కించింది.

"ఏరా, ఎలా ఉందక్కడ?"

"ఏం లేదు బాబాయ్. డ్రిల్లే డ్రిల్లు. మొన్న సాక్సులు పక్కకున్నాయని కార్పొరల్ నా సామానంతా కింద పారేశాడు. యుద్ధం సంగతి మెస్సు టీవీలో…"

సార్జెంటుగారు చటుక్కున స్పీకర్ ఆపి, ఫోను చెవికి ఆనించుకుని, నాలుగడుగులు పక్కకెళ్ళి గొంతు తగ్గించాడు. అయినా మాకు వినిపించింది.

"ఒరేయ్, మీ అమ్మ అడిగితే 'చెప్పకూడదు' అను. అంతే అను. మిగతాది నేను చూసుకుంటా."

తిరిగొచ్చి కూర్చుని మీసం సవరించుకున్నాడు.

"మనవాడు వార్‌లో ఉన్నాడు. ఎక్కడో అడక్కండి, సీక్రెట్."

మాస్టారు అప్పటికే మనవడి ఫోనులో మ్యాపు తెరిచి, బెలగావి మీద ఒక వేలు, లాహోరు మీద ఒక వేలు పెట్టి కొలుస్తున్నాడు.